ఎలక్ట్రాన్ పుంజంతో పరుగుపందెం

పాత టి.వి. తెరకు మీరెప్పుడైనా ముక్కు ఆనించి చూశారా? కళ్ళు పోతాయని పెద్దవాళ్ళు కసురుతూనే ఉండేవారు, నేను చూస్తూనే ఉండేవాణ్ణి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు తప్ప మరేమీ కనిపించేవి కావు. రెండడుగులు వెనక్కి జరిగితే ఆ చుక్కలే ఒక మీసాలాయన అయి, పుట్టగొడుగుల మీద గెంతుతూ పోయేవి!

1990లలో నా వేసవి సెలవులు సగానికి సగం మా వీధి చివరి వీడియో గేమ్ పార్లర్లోనే కరిగిపోయాయి. గంటకింత అని ముందే డబ్బు ఇవ్వాలి. ఆట క్యాసెట్ మీద '9999 ఇన్ వన్' అని గొప్పగా రాసి ఉండేది. ఓపిగ్గా లెక్కపెడితే తేలేది ఏడెనిమిది ఆటలే. మిగిలినవన్నీ అవే, పేర్లు మార్చుకుని వరసలో మళ్ళీ నిలబడ్డవి. లెక్కల మీద నాకు మొదట అనుమానం కలిగించింది ఆ క్యాసెట్టే.

అప్పటినుంచి ఆడుతూనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో నాకొక అభిప్రాయం గట్టిపడింది. యంత్రానికి శక్తి చాలకపోతే ఆట చెడిపోదు. దాన్ని తయారుచేసే మనిషికి వ్యవధి చాలకపోతేనే చెడిపోతుంది. ఇది ఒక అభిమాని మాట, మీరు ఒప్పుకు తీరాలని లేదు. అయితే ఒకే యంత్రం మీద, ఒకే సంవత్సరంలో, 1982లో వచ్చిన రెండు ఆటల కథ విన్నాక నిర్ణయించుకోండి.

ఆ యంత్రం పేరు అటారి 2600. అమెరికాలో 1977లో అమ్మకానికి వచ్చింది. నేను దీన్ని చాలా ఆలస్యంగా, కంప్యూటర్‌లో పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్ ద్వారా తెలుసుకున్నాను. దానిలో ఉన్న తాత్కాలిక మెమరీ ఎంతో తెలుసా? 128 బైట్లు! కిలోబైట్లు కాదు సుమా, బైట్లే. ఈనాటి కంప్యూటర్లు వాడే యూనికోడ్ పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతానికి సాధారణంగా 3 బైట్లు పడతాయి. అంటే మీరిప్పుడు చదువుతున్న ఈ ఒక్క వాక్యం కూడా ఆ యంత్రం మెమరీలో పూర్తిగా పట్టదు.

ఇక్కడే అసలు చిక్కు. మామూలు కంప్యూటర్ తెర మీది బొమ్మనంతా ముందు మెమరీలో గీసిపెట్టుకుని, తర్వాత తెరకు పంపుతుంది. 128 బైట్లలో బొమ్మ దాచుకునే చోటెక్కడిది? అందుకని ఈ యంత్రం బొమ్మను ఎక్కడా దాచుకోదు. అప్పటికప్పుడు గీస్తుంది.

అదెలాగంటారా? పాత టి.వి. గొట్టంలో ఒక ఎలక్ట్రాన్ పుంజం ఉంటుంది. (రంగుల టి.వి.లో మూడు, కలిసికట్టుగా నడుస్తాయి.) అది తెరకు ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, గబుక్కున వెనక్కి వచ్చి, కాస్త కిందుగా ఇంకో గీత గీస్తుంది. అమెరికా టి.వి.లలో ఇలా తెర మొత్తం సెకనుకు సుమారు 60 సార్లు గీయబడుతుంది. ఒక గీతకు పట్టే కాలం సెకనులో పది లక్షల వంతులు ఓ 64 మాత్రమే. ఆ వ్యవధిలో అటారి ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకుంటుంది. ఇరవయ్యో పాతికో చిన్న ఆదేశాలు అమలుచేసే లోపే గీత అయిపోతుంది. ప్రోగ్రాం రాసేవాడు ఆ పాతిక ఆదేశాల్లో 'ఈ గీతలో ఇక్కడ చెట్టు, ఇక్కడ మనిషి తల' అని చెప్పేయాలి. ఒక్క ఆదేశం ఆలస్యమైతే పుంజం ముందుకు వెళ్ళిపోతుంది, మనిషి తల భుజం మీద కాక గాల్లో వేలాడుతుంది. కదిలే రైలు పెట్టె మీద పక్కనే పరుగెత్తుతూ ముగ్గు వేసినట్లన్నమాట.

ఇక ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్ళు దృష్టిలో పెట్టుకున్నవి టెన్నిస్, ట్యాంకుల యుద్ధం లాంటి సాదా ఆటలే. ఇద్దరు ఆటగాళ్ళ బొమ్మలు, రెండు గుళ్ళు, ఒక బంతి, వెనక ఓ మోటు దృశ్యం. అంతే సరంజామా.

అలాంటి దానిమీద డేవిడ్ క్రేన్ అనే ఇంజనీరు ఒక అడవిని పెంచాడు. ఆట పేరు 'పిట్‌ఫాల్'. హారీ అనే కుర్రవాడు ఊడలు పట్టుకుని ఊగుతూ, మొసళ్ళ తలల మీదుగా దూకుతూ, 20 నిమిషాల్లో 32 నిధులు వెతకాలి. ఆ అడవిలో ఉన్న తెరలు 255. క్యాసెట్‌లో ఉన్న చోటు 4096 బైట్లు. ఒక్కో తెర వర్ణనకు 16 బైట్లు చొప్పున ఇచ్చినా 4080 బైట్లు దానికే సరి! మిగిలిన 16 బైట్లలో హారీ, మొసలి, తేలు, శబ్దాలు అన్నీ ఇమడాలి.

క్రేన్ ఆ 255 తెరల్లో ఒక్కదాన్ని కూడా దాచలేదు. వాటిని పుట్టించే చిన్న లెక్కను మాత్రం దాచాడు. దానికి పట్టింది 50 బైట్లలోపే. ఆ లెక్క ఎలాంటిదో మీరూ చేసి చూడవచ్చు. పెన్సిలు తీయండి.

001 అని మూడంకెలు రాయండి. మొదటి రెండంకెలు ఒకటే అయితే చివర 0 చేర్చండి, వేరు వేరైతే 1 చేర్చండి. తర్వాత అన్నిటికన్నా ఎడమ అంకెను కొట్టేయండి. ఇప్పుడు 010 వస్తుంది. మళ్ళీ అదే పని. 101. ఆ తర్వాత 011, 111, 110, 100. మరోసారి చేస్తే మళ్ళీ 001! మూడంకెలతో 000 కాక సాధ్యమైన ఏడు సంఖ్యలూ ఒక్కొక్కసారే వచ్చాయి, అదీ చిందరవందరగా కనిపించే వరసలో. మూడుకు బదులు ఎనిమిది బిట్లు తీసుకుని, తగిన స్థానాలు ఎంచుకుంటే ఇలాగే 255 సంఖ్యలు వస్తాయి. ఒక్కో సంఖ్య ఒక తెర. అందులో కొన్ని బిట్లు చెట్ల అమరికను చెబుతాయి, కొన్ని గుంటా మొసళ్ళ చెరువా అన్నది చెబుతాయి, మరికొన్ని దొర్లే దుంగల సంగతి. హారీ కుడికి వెళితే లెక్క ముందుకు, ఎడమకు వెళితే వెనక్కి నడుస్తుంది. అందుకే మీరు తిరిగి వచ్చినప్పుడు పాత చెట్లు పాత చోటే ఉంటాయి. అడవి ఎక్కడా లేదు. అయినా ఎన్నిసార్లు వెళ్ళినా అదే అడవి! నేను ఆడిన ఆటలన్నిటిలో దీనికే మొదటి పీట వేస్తాను.

క్రేన్ మరో ముగ్గురు ప్రోగ్రామర్లతో కలిసి 1979లో అటారి కంపెనీ వదిలి 'యాక్టివిజన్' స్థాపనలో పాల్గొన్నవాడు. ఆట తయారుచేసినవాడి పేరు అటారి వారు పెట్టె మీద వేసేవారు కాదు. వీళ్ళు వేశారు. అటారిలోనే ఉన్న వారెన్ రాబినెట్ మరో దారి పట్టాడు. తన 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు దాచాడు. చివరికి దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసింది ఒక కుర్ర అభిమాని. సినిమాకు దర్శకుడి పేరు వేసినట్లు ఆటకూ వేయాలన్నది ఈనాడు మామూలు సంగతి. అప్పుడు అది పోట్లాట.

లోటు నుంచి అందం పుట్టిన ఉదాహరణ ఇంకొకటి జపాన్‌లో ఉంది. 1978లో తొమొహిరో నిషికాదో 'స్పేస్ ఇన్వేడర్స్' తయారుచేశాడు. తెరనిండా శత్రువులుంటే ప్రాసెసర్‌కు భారమై వాళ్ళు నెమ్మదిగా కదిలేవారు. ఒక్కొక్కరూ చస్తున్నకొద్దీ భారం తగ్గి, మిగిలినవారు వేగం పుంజుకునేవారు. ఆయన దాన్ని సరిచేయలేదు, ఉండనిచ్చాడు. ఆ ఆటలో మన గుండె దడదడలాడేది సరిగ్గా ఆ వేగానికే.

టి.వి. సీరియళ్ళలోనూ ఇదే కనిపిస్తుంది. అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్'లో మనుషులు మెరుపులా మాయమై వేరే గ్రహం మీద తేలతారు. వారం వారం అంతరిక్ష నౌకను నేలకు దించి చూపించే ఖర్చు భరించలేక కల్పించిన ఉపాయమది. మన దూరదర్శన్‌లో 1980లలో వచ్చిన 'మాల్గుడి డేస్' గుర్తు చేసుకోండి. లేదా ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఆర్.కె. నారాయణ్ కథలకు శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబె ఊరినే మాల్గుడిగా చూపించాడు. ఆ వానా, ఆ పెంకుటిళ్ళూ నిజమైనవి. తర్వాత కోట్లు పోసి వేసిన సెట్లు చాలా చూశాను గానీ, ఏ సెట్‌లోనూ నాకు ఇల్లు కట్టుకోవాలనిపించలేదు.

ఇక రెండో ఆట. స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' సినిమా 1982 వేసవిలో అమెరికాను ఊపేసింది. అటారి కంపెనీ జులై చివర్లో ఆట హక్కులు సంపాదించింది. క్రిస్మస్‌కు దుకాణాల్లో ఉండి తీరాలంది. పని హోవర్డ్ స్కాట్ వార్షా మీద పడింది. ఇతను చేతకానివాడేమీ కాదు. అదే యంత్రం మీద, అదే ఏడాది వచ్చిన 'యార్స్ రివెంజ్' ఇతనిదే. దానికి నెలల తరబడి వ్యవధి దొరికింది. 'ఇ.టి.'కి దొరికింది సుమారు ఐదు వారాలు.

ఫలితం? ఆ ఆటలో ఇ.టి. అడుగడుగునా గుంటలో పడతాడు. మెడ సాచి, పైకి తేలి, అంచుకు రాగానే మళ్ళీ పడతాడు. నేను మొదటిసారి ఆడినప్పుడు తప్పు నాదే అనుకున్నాను. కాదు. కాళ్ళు గట్టు మీదే ఉన్నా, తల బొమ్మ గుంట బొమ్మను తాకితే చాలు, పడిపోయినట్లే లెక్క. ఆడి చూసి సరిదిద్దడానికి ఇంకొన్ని వారాలుంటే ఇది దొరికి ఉండేది.

మొదట లక్షల్లో అమ్ముడైంది, తర్వాత గుట్టలుగా తిరిగి వచ్చింది. 1983 సెప్టెంబరులో అటారి వారు మిగిలిపోయిన సరుకును లారీల్లో తెచ్చి న్యూమెక్సికోలోని అలమొగోర్డో పట్టణపు చెత్త గుంటలో పూడ్చారు. ఆ ఏడే అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. చాలామంది ఆ పాపమంతా ఈ ఒక్క ఆట నెత్తిన వేస్తారు. అది అన్యాయమంటాను. ఎవరు పడితే వాళ్ళు ఆదరాబాదరాగా చేసి అమ్మిన ఆటలు అప్పటికే దుకాణాల నిండా ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో ఆ గుంట తవ్వినప్పుడు 'ఇ.టి.'తో పాటు బాగా ఆడిన ఆటల క్యాసెట్లు కూడా బయటపడ్డాయి.

తవ్వకాలకు ముందే ఒక అభిమాని ఇంకో రకం తవ్వకం చేశాడు. 'ఇ.టి.' ప్రోగ్రాంను బైటు బైటుగా విప్పి, గుంటల తప్పు ఎక్కడుందో పట్టుకుని, కొద్దిపాటి బైట్లు మార్చి సరిచేశాడు. ఆ సరిచేసిన ఆట నేనూ ఆడాను. ఇ.టి. గట్టు మీద హాయిగా నడిచాడు. నేను గుంటలో పడింది రెండే సార్లు. ఆ రెండూ నా తప్పులే.