యంత్రమేధయు ప్రజల యెరుకయు



కృత్రిమ మేధ యను మాట నేడు పత్రికలందును, సెల్‌ఫోనులందును తరచుగా వినవచ్చుచున్నది. పల్లెలలోని పెద్దలు పలువురు దీనిని విని, "ఇది పట్టణములలోని విద్వాంసుల వ్యవహారము, చేలను, వలలను నమ్ముకొన్న మనకు దీనితో నేమి పని?" యని యడుగుచున్నారు. ఈ ప్రశ్నకు మన నెల్లూరు సీమ చరిత్రనుండియే సమాధానము చెప్పదలచితిని.

మా వాకాడు స్వర్ణముఖీ తీరమున, సముద్రమునకు చేరువగా నున్నది. నెల్లూరు జిల్లాలో నుండిన మా మండలము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఈ తీరమునకు క్రొత్తవి వచ్చుట వింత గాదు. మా సమీపముననున్న దుగరాజపట్నమున 1626 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకులు కోఠీ నేర్పరచుకొని, 1640 నాటికి దానిని విడిచి చెన్నపట్టణమునకు తరలిపోయిరి. దక్షిణముననున్న శ్రీహరికోటనుండి 1971లో మొదటి రాకెట్టు నింగి కెగసినది. రాకెట్టులోని మర్మము మనకు తెలియకున్నను పెద్ద నష్టము లేదు. అది మన తలలమీదుగా పోవునే గాని, మన యింటిలోనికి వచ్చి బియ్యపు కార్డును పరీక్షింపదు. యంత్రమేధ యట్టిది గాదు. అది మనలను గూర్చి తీర్పు చెప్పుటకే వచ్చుచున్నది.

పూర్వము తీర్పులును, దానములును ఎట్లు ప్రకటింపబడెడివో చూడుడు. నెల్లూరు జిల్లా శాసనములను బటర్వర్తు, వేణుగోపాలచెట్టి యను నిరువురు సంపాదకులు కూర్చగా, అవి 1905లో మూడు సంపుటములుగా వెలువడెను. ఇచ్చినవా డెవడు, పుచ్చుకొన్నవా డెవడు, భూమి యెల్ల లెవ్వి యను సంగతులు దానశాసనములందు సాధారణముగా చెక్కబడియుండును. రాతిమీది శాసనము దేవాలయములో నందరి కన్నులయెదుట నుండెడిది. చదువు రానివాడు వచ్చినవానిచేత చదివించుకొనగలిగెడివాడు. ఆనాటి రాజు లందరును న్యాయవంతులని నా యభిప్రాయము గాదు. అన్యాయము జరిగినప్పుడు వ్రేలు పెట్టి చూపుట కొక రాయి యుండెనని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక యంత్రము తీర్పు చెప్పు విధమును విచారింతము. బాలునకు వ్యాకరణము చెప్పకయే మాతృభాష వచ్చును గదా! వేలమాటలు విని విని, వానిలోని పోలికలను పట్టుకొనును. అట్లే యంత్రమునకు లక్షలకొలది లెక్కలను, చిత్రములను, వ్రాతలను చూపుదురు. క్రొత్తది యెదురైనప్పుడు అది "ఇది ఫలానిదానివంటిది" యని యూహించును. మన తర్కశాస్త్రపు మాటలలో ఇది అనుమానమే గాని ప్రత్యక్షము గాదు. కొండమీద పొగను జూచి నిప్పున్నదని యూహించుట సరియే. కాని మంచును జూచి పొగ యని భ్రమించినచో ఆ యూహ తప్పును. యంత్రమునకు చూపిన లెక్క తప్పైనచో తీర్పును తప్పగును.

ఈ యూహవలన మేలును కలదు. 2016లో ఇక్రిశాట్ సంస్థయు, మైక్రోసాఫ్టు కంపెనీయు కలిసి, కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది రైతులకు వేరుసెనగ విత్తు అదనును సెల్‌ఫోను సందేశముల ద్వారా తెలిపినవి. పలు సంవత్సరముల వాతావరణపు లెక్కలను యంత్రముచేత పరిశీలింపజేసి ఆ సలహా నిచ్చినవి. దిగుబడి సగటున నూటికి 30 వంతులు పెరిగినదని ఆ సంస్థలు ప్రకటించినవి. ఇచట సలహాను పాటించుటయు, మానుటయు రైతు చేతిలోనే యుండెను.

రెండవ ప్రక్క జూడుడు. తెలంగాణ ప్రభుత్వము సమగ్రవేదిక యను నొక విధానము నేర్పరచి, పలు కార్యాలయముల జాబితాలను యంత్రముచేత సరిపోల్చి, అనర్హుల నేరజూచినది. హైదరాబాదు నగరమున నొక రిక్షా కార్మికుని పేరు, కారు గల మరియొకని పేరును పోలియుండెను. యంత్రము ఇరువురి నొక్కనిగా నెంచినది. ఆ పేదయింటి రేషను కార్డు రద్దైనది. అట్టి ఫిర్యాదులు న్యాయస్థానమున కెక్కగా, 2016 మొదలుకొని రద్దైన సుమారు 19 లక్షల కార్డులను మరల పరిశీలింపవలసినదిగా 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ సంవత్సరము జూలై వరకు పరిశీలించిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తులలో 15 వేలకు మించినవారు అర్హులని తేలిరి. పేరు పోలికయే మనిషి గాదని ఎరిగిన పొరుగువా డొకడు అడుగబడియున్నచో, ఆ రిక్షావాని యింట బియ్యము నిలిచిపోయెడిది గాదు.

"యంత్రశాస్త్రము చదువని మే మేమి చేయగలము?" అని మీ రడుగవచ్చును. దీనికి మన సీమ స్త్రీలే యుత్తర మిచ్చియున్నారు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను వయోజన విద్యోద్యమము మొదలైనది. పగలు కూలి చేసి, రాత్రి పలక పట్టిన కలిగిరి మండలపు దూబగుంట స్త్రీలు తాము చదివినదానిని చర్చించుకొని, తమ యూరి సారా యంగడిని మూయించిరి. వారి కథ వాచకమున కెక్కి, ఊరూర చదువబడెను. 1992లో జిల్లాయంతట స్త్రీలు సారా వేలముపాటల నడ్డగించిరి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. ఆ తల్లులు సారా కాచు శాస్త్రమును నేర్వలేదు. తమ కూలిడబ్బు ఎటు పోవుచున్నదో, దానికి అనుమతి నిచ్చువా రెవరో, ఎవరి నడుగవలయునో నేర్చిరి. ప్రజలకు వలసిన యెరుక యింతియే.

కనుక యంత్రము చెప్పిన తీర్పు మన యూరికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఏ లెక్కను జూచి ఇట్లు చెప్పినది? దీనికి బాధ్యుడగు మనుష్యు డెవడు? తప్పైనచో ఎచట చెప్పుకొనవలయును? ప్రభుత్వ కార్యాలయమునుండి సమాధానము రానిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతమూలకముగా నడుగవచ్చును. "యంత్రమే చెప్పినది" యను మాటను సమాధానముగా గైకొనకుడు. యంత్రమును నియమించినవాడు మనుష్యుడే గదా!

మరియొక హెచ్చరిక. నేటి యంత్రములు మనుష్యుల కంఠస్వరమును గూడ అనుకరింపగలవు. దూరదేశముననున్న కుమారుని గొంతుతో "ఆపదలో నున్నాను, సొమ్ము పంపుడు" అని ఫోను వచ్చినచో, తొందరపడక, అతని నెంబరునకు మీరే ఫోను చేసి నిజము తెలిసికొనుడు.

ఊరికి జాబు వచ్చినచో, చదువు రానివారికి చదివి చెప్పుట పూర్వము అక్షరజ్ఞులగు పెద్దల ధర్మముగా నుండెను. నేడు యంత్రము పంపిన సందేశమును చదివి చెప్పుటతో ఆ ధర్మము తీరదు. దాని నెదిరించి యడుగు త్రోవను గూడ చూపవలయును. ఈ భారమును మీరు వహింతురని నమ్ముచున్నాను.