బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఉంగరాల ప్రతిరూపాల సేకరణ

అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం (ఎన్.బి.ఎ.) పోటీలలో విజేతగా నిలిచిన జట్టు సభ్యులకు బహూకరించే ఉంగరాలను పోలిన నమూనాలను సేకరించి భద్రపరచే అభిరుచిని ఛాంపియన్‌షిప్ ఉంగరాల ప్రతిరూపాల సేకరణ అంటారు. అసలు ఉంగరాలు సంఖ్యలో చాలా తక్కువ. విక్రయానికి వచ్చినప్పుడు వాటి ధర సామాన్యులకు అందుబాటులో ఉండదు. అందువల్ల అభిమానులలో అధికులు ప్రతిరూపాలనే సేకరిస్తారు. అయితే "ప్రతిరూపం" అన్న మాట ఒకే రకమైన వస్తువును సూచించదు. మైదానంలో ప్రేక్షకులకు ఉచితంగా పంచే గిల్టు ఉంగరమూ ప్రతిరూపమే. ఆటగాడు తన తండ్రి కోసం బంగారంతో, వజ్రాలతో చేయించిన ఉంగరమూ ప్రతిరూపమే. ఈ భేదాన్ని గుర్తించడమే ఈ అభిరుచిలో ప్రధానమైన పాఠం.

నేపథ్యం

ఎన్.బి.ఎ.కు మాతృసంస్థ అయిన బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1946లో ఏర్పడింది. 1947లో ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టు తొలి విజేత అయింది. ఛాంపియన్‌షిప్ ఉంగరాల వరుసను ఆ జట్టుతోనే ప్రారంభించి లెక్కిస్తారు. ఉంగరాలను ఆటగాళ్ళతో పాటు శిక్షకులకు, జట్టు నిర్వాహకులకు కూడా ఇస్తారు. సాధారణంగా మరుసటి సీజనులో విజేత జట్టు సొంత మైదానంలో ఆడే మొదటి మ్యాచ్‌కు ముందు ఈ బహూకరణ జరుగుతుంది.

ఆటగాళ్ళలో అత్యధికంగా 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచినవాడు బోస్టన్ సెల్టిక్స్‌కు చెందిన బిల్ రసెల్ (1957–1969). శిక్షకుడిగా, నిర్వాహకుడిగా కలిపి రెడ్ ఆవర్‌బాక్ 16 ఉంగరాలు పొందాడు. శిక్షకుడు ఫిల్ జాక్సన్‌కు 13 ఉంగరాలున్నాయి. వీటిలో రెండు అతడు ఆటగాడిగా పొందినవి. అమెరికా క్రీడాభిమానుల సంభాషణలో "ఉంగరం" అన్న మాటే విజయానికి పర్యాయపదం. ఒక ఆటగాడి గొప్పతనాన్ని అతని ఉంగరాల సంఖ్యతో కొలవడం అక్కడ పరిపాటి.

ఉంగరాల రూపకల్పనలో మార్పులు

తొలినాటి ఉంగరాలు చిన్నవి, నిరాడంబరమైనవి. ఇటీవలి దశాబ్దాలలో వాటి పరిమాణం, రాళ్ళ సంఖ్య బాగా పెరిగాయి. 2019లో టొరంటో రాప్టర్స్ జట్టుకు చేసిన ఉంగరంలో 650కి పైగా వజ్రాలు పొదిగారు. 2020 విజేత లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఉంగరానికి ఊడదీయగల పై భాగం ఉంది. దానిని తీసినచో లోపల ఆ జట్టు గౌరవార్థం విరమింపజేసిన జెర్సీ సంఖ్యలు కనిపిస్తాయి. ఆ ఏడాది జనవరిలో మరణించిన కోబీ బ్రయంట్‌కు స్మృతిచిహ్నంగా సర్పపు ఆకృతిని అందులో చేర్చారు. 2021 మిల్వాకీ బక్స్ ఉంగరపు పై భాగాన్ని విడదీసి గొలుసుకు పతకంగా ధరించవచ్చును. 2024 బోస్టన్ సెల్టిక్స్ ఉంగరంలో ఆ జట్టు ఆడిన మైదానపు చెక్క ముక్కను అమర్చారు.

ఈ మార్పులు ప్రతిరూపాలు చేసేవారికి సవాలుగా పరిణమించాయి. పాత ఉంగరపు ఆకృతిని అచ్చుతో అనుకరించడం సులువు. కదిలే భాగాలను, లోపలి అరలను అనుకరించడం కష్టం. చవక నమూనాలలో ఇటువంటి భాగాలు తరచుగా కదలకుండా ఒకే పోతగా ఉంటాయి.

ప్రతిరూపాలలో రకాలు

సేకరణకర్తలు ఈ కింది రకాలను వేరు వేరుగా పరిగణిస్తారు.

* సిబ్బంది ఉంగరాలు: జట్టు కార్యాలయ ఉద్యోగులకు ఇచ్చేవి. ఆటగాళ్ళ ఉంగరాల కంటే చిన్నవిగా, తక్కువ విలువైన రాళ్ళతో ఉండవచ్చు. జట్టే స్వయంగా ఇచ్చినవి కాబట్టి వీటిని ప్రతిరూపాలుగా కాక, అసలు ఉంగరాలలో మరొక శ్రేణిగా లెక్కిస్తారు.
* కుటుంబ ఉంగరాలు: ఆటగాళ్ళు తల్లిదండ్రుల కోసమో, బంధువుల కోసమో అదే తయారీదారుతో అదనంగా చేయించుకొనేవి. వీటిలో కొన్ని లోహంలోనూ, రాళ్ళలోనూ అసలు ఉంగరానికి సరిసమానంగా ఉంటాయి.
* సేల్స్‌మన్ శాంపిళ్ళు: తయారీ సంస్థలు తమ పనితనాన్ని చూపడానికి చేసుకొనే మచ్చు ఉంగరాలు. అచ్చు అసలుదే అయినా వీటిలో సాధారణంగా వజ్రాలకు బదులు కృత్రిమ రాళ్ళు ఉంటాయి.
* బహుమతి ప్రతిరూపాలు: జట్లు ప్రేక్షకులకు పంచేవి. 2019 అక్టోబరు 22న రాప్టర్స్ ప్రారంభ మ్యాచ్‌కు వచ్చిన ప్రేక్షకులకు ఇటువంటి ఉంగరాలు ఇచ్చారు.
* అనుమతి పొందిన వ్యాపార నమూనాలు: జట్టు చిహ్నాలను వాడుకొనే హక్కు పొంది, ప్రతిరూపమని చెప్పే అమ్మేవి.
* అనుమతి లేని నకళ్ళు: ఏ హక్కూ లేకుండా తయారై, అంతర్జాలపు అంగళ్ళలో విరివిగా దొరికేవి.

అభిమానికి ఇచ్చినదంతా ప్రతిరూపమే కానక్కర లేదు. ఢిల్లీలో జన్మించి కెనడాలో స్థిరపడిన నవ్ భాటియా 1995 నుండి రాప్టర్స్ సొంత మైదానంలోని మ్యాచ్‌లకు క్రమం తప్పక హాజరైన అభిమాని. 2019లో ఆ జట్టు అతనికి అసలు ఉంగరాన్నే బహూకరించింది.

తయారీ

అసలు ఉంగరాలను మైనపు అచ్చు పద్ధతిలో పోతపోసి, రాళ్ళను చేతితో పొదుగుతారు. వీటికి ఎక్కువగా 10 లేదా 14 కారట్ల బంగారం వాడతారు. 14 కారట్లంటే మొత్తం బరువులో 58.3 శాతం బంగారమని అర్థం. చవక ప్రతిరూపాలను జింకు మిశ్రమ లోహంతోనో, ఇత్తడితోనో చేసి పైన పలుచని బంగారు పూత పూస్తారు. తెలుగునాట "గిల్టు నగలు", "వన్ గ్రామ్ గోల్డ్" పేర్లతో అమ్మే ఆభరణాలలోనూ సూత్రం ఇదే. వజ్రాలకు బదులు క్యూబిక్ జిర్కోనియా రాళ్ళను గాని, గాజు రాళ్ళను గాని అతికిస్తారు. ఇటువంటి ఉంగరాలు తరచుగా అమెరికా కొలతల ప్రకారం 11వ సైజులో లభిస్తాయి. ఆ సైజు లోపలి వ్యాసం సుమారు 20.6 మిల్లీమీటర్లు.

అసలును, నకలును గుర్తించే విధానం

బరువు: 14 కారట్ల బంగారపు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 13 గ్రాములు. జింకు మిశ్రమానిది 7 గ్రాముల లోపు. కావున ఒకే పరిమాణం గల రెండు ఉంగరాలలో నకలు దాదాపు సగం బరువే తూగుతుంది. అయితే ఉంగరం వెనుక భాగాన్ని బోలుగా చేసే పద్ధతి కూడా ఉన్నందున బరువు ఒక్కటే నిదర్శనం కాజాలదు.

రాళ్ళు: వజ్రం వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది, క్యూబిక్ జిర్కోనియా అలా చేయదు. వేడిని కొలిచే చిన్న పరికరంతో ఈ తేడా తెలుసుకోవచ్చును. కాని మాయిస్సనైట్ అనే కృత్రిమ రాయి ఈ పరీక్షలో వజ్రంలాగే కనిపిస్తుంది.

లోహం: ఉంగరం లోపలి వైపున ఉన్న 585 అంకె 14 కారట్లను, 417 అంకె 10 కారట్లను సూచిస్తుంది. నకళ్ళపై కూడా ఈ ముద్రలు వేయడం కష్టమేమీ కాదు. గీటురాయిపై గీసినప్పుడు పైపూత మందంగా ఉంటే ఆ పూత సంగతే తెలుస్తుంది తప్ప లోపలి లోహం సంగతి తెలియదు.

పూర్వాపరాలు: ఉంగరం ఎవరి వద్ద నుండి ఎవరికి చేరిందో తెలిపే పత్రాలు అన్నింటికంటే ముఖ్యమైనవి. కుటుంబ ఉంగరాలకు, ఆటగాడి ఉంగరానికి మధ్య పదార్థంలో తేడా లేనప్పుడు ప్రయోగశాల ఏమీ చెప్పలేదు, పత్రాలే చెప్పాలి.

కోబీ బ్రయంట్ తండ్రి ఉంగరం

ప్రతిరూపం విలువను దేనితో కొలవాలన్న ప్రశ్నకు ఈ ఉంగరం ప్రసిద్ధ ఉదాహరణ. 2000లో లేకర్స్ జట్టు గెలిచినప్పుడు కోబీ బ్రయంట్ తన ఉంగరం వంటిదే మరొకటి తండ్రి జో బ్రయంట్ కోసం చేయించాడు. అది 14 కారట్ల బంగారంతో, 40 వజ్రాలతో చేసినది. జో బ్రయంట్ కూడా ఎన్.బి.ఎ.లో ఆడినవాడే. 2013లో తల్లి పమేలా బ్రయంట్ కొడుకుకు సంబంధించిన పలు వస్తువులను వేలానికి ఇచ్చింది. కోబీ అభ్యంతరం తెలిపాడు. వివాదం న్యాయస్థానానికి చేరి చివరకు రాజీతో ముగిసింది. ఒప్పుకొన్న కొద్ది వస్తువులే వేలానికి వెళ్ళాయి. వాటిలో ఉన్న తండ్రి ఉంగరం ఆనాడు 1,73,102 డాలర్లు పలికింది. కోబీ 2020లో మరణించాడు. 2024లో అదే ఉంగరం 9,27,200 డాలర్లకు అమ్ముడై, బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఉంగరాలలో కొత్త గరిష్ఠ ధరగా నమోదైంది.

అంతకుముందు 2021లో బిల్ రసెల్ తన మొదటి (1957) ఉంగరాన్ని విక్రయించగా 7,05,000 డాలర్లు వచ్చాయి. అంటే ఆటగాడు స్వయంగా పొందిన ఉంగరం కంటే తండ్రికిచ్చిన ప్రతిరూపం ఎక్కువ ధర పలికింది. బంగారం, వజ్రాలు ఈ ధరలో స్వల్ప భాగం మాత్రమే. మిగిలినది ఆ వస్తువు వెనుక ఉన్న నిరూపితమైన కథకు కట్టిన విలువ. ఇదే కారణంగా కథ లేని నకలుకు తప్పుడు కథ జోడించి అమ్మే ప్రయత్నాలు జరుగుతాయి.

అసలు ఉంగరాలన్నీ సొంత లాభం కోసమే అమ్ముడు కాలేదు. 2010లో రాన్ ఆర్టెస్ట్ తన లేకర్స్ ఉంగరాన్ని లాటరీకి పెట్టి, మానసిక ఆరోగ్య సేవల కోసం 5 లక్షల డాలర్లకు పైగా సేకరించాడు. కరీం అబ్దుల్ జబ్బార్ 2019లో నాలుగు ఉంగరాలను వేలం వేసి, ఆదాయంలో అధిక భాగాన్ని పిల్లల విజ్ఞానశాస్త్ర విద్య కోసం తాను నెలకొల్పిన సంస్థకు కేటాయించాడు. వాటిలో 1987 ఉంగరానికి 3,98,937 డాలర్లు వచ్చాయి.

చట్టపరమైన అంశాలు

జట్ల పేర్లు, చిహ్నాలు ట్రేడ్‌మార్కులు. అమెరికాలో 1946 నాటి లాన్‌హామ్ చట్టం వీటికి రక్షణ కల్పిస్తుంది. అనుమతి లేని నకలు ఉంగరాలను ఆ దేశపు కస్టమ్స్ అధికారులు పలుమార్లు జప్తు చేశారు. అనుకరణ నాణేలపై "నకలు" అని తెలిపే ముద్ర ఉండాలని 1973లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం నాణేలకు, రాజకీయ ప్రచార వస్తువులకు వర్తిస్తుంది గాని ఉంగరాలకు వర్తించదు. అందువల్ల ప్రతిరూప ఉంగరంపై ఎటువంటి గుర్తూ లేకపోవచ్చును. భారతదేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, దిగుమతులకు సంబంధించి 2007లో వచ్చిన మేధోసంపత్తి హక్కుల నియమాలు నకలు సరుకుకు వర్తిస్తాయి.

సేకరణ, సంరక్షణ

సేకరణకర్తలు సాధారణంగా ఒక క్రమాన్ని ఎంచుకొంటారు. షికాగో బుల్స్ గెలిచిన ఆరు సంవత్సరాలు (1991, 1992, 1993, 1996, 1997, 1998), కోబీ బ్రయంట్ గెలిచిన ఐదు (2000, 2001, 2002, 2009, 2010) ఇటువంటి వరుసలకు ఉదాహరణలు. ఉంగరాలను మెత్తని గుడ్డ పరచిన చెక్క పెట్టెలలో అమర్చుతారు. చెమట, తేమ తగిలితే పూత పోయి లోపలి లోహం నల్లబడుతుంది. నికెల్ కలిసిన నకళ్ళు కొందరి చర్మంపై దద్దుర్లు కలిగిస్తాయి. కాబట్టి వీటిని నిత్యం ధరించడం కంటే ప్రదర్శనకు ఉంచడం మేలు.

ప్రతి ఉంగరంతో పాటు అది ఏ రకానికి చెందినదో, ఎప్పుడు, ఎంతకు కొన్నదో తెలిపే చీటీని, రశీదును ఉంచడం మంచి పద్ధతి. సేకరణకర్త మరణానంతరం పెట్టె తెరిచే వారసులకు అసలేదో నకలేదో తెలియదు. వారు తెలియక మోసపోవచ్చు, తెలియకనే ఇతరులను మోసగించనూ వచ్చు. ప్రతిరూపమని రాసి ఉన్న ప్రతిరూపం ఎవరికీ నష్టం కలిగించదు.

ఇవి కూడా చూడండి

* బాస్కెట్‌బాల్
* కోబీ బ్రయంట్
* బిల్ రసెల్
* నాణేల సేకరణ