వనపర్తి నుండి ధ్రువము మీదుగా

పటమును బల్లపరుపుగ పఱచి చూచు అలవాటుచేత అమెరికాయన్నంతనే పడమటి దిక్కు తోచు మనకు, వనపర్తినుండి సూటిగ ఉత్తరమునకు బయలుదేఱి, ఎచ్చటను ప్రక్కకు మరలక, ధ్రువమును దాటి ఆవలికి దిగినచో టెక్ససు రాష్ట్రమందలి లబ్బక్ పట్టణ పరిసరములను చేరుదుమని తెలిసిన నాడు నాకు గలిగిన సంతోషము ఇంతింతనరానిది. వనపర్తి 78వ తూర్పు రేఖాంశము నానుకొనియున్నది. గద్వాల దానికి కొంచెము పడమర, నాగర్‌కర్నూలు కొంచెము తూర్పు. భూగోళపు ఆవలి ముఖమున ఆ రేఖయే 102వ పశ్చిమ రేఖాంశమగును. ఈ దారి పొడవు సుమారు 14,460 కిలోమీటర్లు. శంషాబాదునుండి డాలస్ విమానాశ్రయమునకు గల అతిసమీప మార్గమును ఇంచుమించు అంతయే. అదియును ధ్రువమునకు అయిదు డిగ్రీల లోపలనే పోవును.

భూమి గుండ్రనిదని మనవారికి తెలియనిది కాదు. ఆర్యభటుడు భూవ్యాసమును 1050 యోజనములనెను. జ్యోతిష్కులు ఉజ్జయిని రేఖనుండి దేశాంతరమును గణించిరి. అటుపిమ్మట వేయేండ్లకు పైబడిన కాలమును ఒక్క అంగలో దాటి, నాకు ప్రీతిపాత్రుడైన విలియం లాంబ్టన్ కడకు వచ్చెదను.

1802లో మద్రాసు చెంత పరంగికొండ వద్ద నూఱడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల నేలను కొలిచి, దానినాధారముగ గొని త్రిభుజముపై త్రిభుజము నల్లుకొనుచు దేశమును కొలువ నారంభించిన ఈ మహానుభావుని కోణమాన యంత్రము అర టన్ను బరువు గలది; లండనునుండి వచ్చుచు దారిలో ఫ్రెంచివారికి చిక్కి, మారిషసు చూచి, వారి మర్యాదవలన తిరిగి యజమానిని చేరినది. 1808లో తంజావూరి గోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి ఆ యంత్రము గోడకు కొట్టుకొని వంకరపోగా, లాంబ్టన్ వారములతరబడి గుడారమున కూర్చుండి తానే దానిని సరిచేసెను. 1811లో గుత్తి, 1815లో బీదరు చేరువ దామరగిద్ద (మన నారాయణపేట దామరగిద్ద కాదు సుమా!) వద్ద మరల గొలుసులు పఱచిరి. ఈ రెంటి నడుమ తుంగభద్రను, కృష్ణను దాటిన ఆ త్రిభుజముల వరుస మన నడిగడ్డ చెంతనుండియే పోయినది. గుట్టల కొనలకు జెండాలు మోసినవారు, ముండ్లపొదలు నఱకి చూపునకు దారి చేసినవారు ఎందఱో. యంత్రము చేసిన కేరీ పేరు మిగిలెను గాని వారి పేర్లు మిగులలేదు. ఇది నాకు కష్టముగనే యుండును.

లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించెను. ఆయన శిష్యుడు ఎవరెస్టు, ఆ కొలతల నాధారముగ గొని 1830లో తేల్చిన భూమధ్య వ్యాసార్ధము, నేటి విమానయాన ప్రమాణముకంటె సుమారు 860 మీటర్లు మాత్రమే తక్కువ. ఆఱువేల మూడువందల డెబ్బదియెనిమిది కిలోమీటర్లలో ఇదియా తప్పు?

2021 జనవరిలో హైదరాబాదునుండి షికాగోకు నేరుగ విమానము నడచినది. గోళముపై ఆ దూరము 13,300 కిలోమీటర్లకు చేరువ. ఆ సూటిదారి 79వ ఉత్తర అక్షాంశము దాక ఎక్కి దిగును. విమానము నడపువాడు మాత్రము నాటి గాలులను, దాటరాని గగనతలములను చూచుకొని ఏ రోజు దారి ఆ రోజే నిర్ణయించుకొనును గనుక, ఎగిరిన దూరము లెక్కించిన దూరముకంటె ఎప్పుడును కొంత హెచ్చుగనే యుండును.