మన పేటల చరిత్రకు కాపలా ఎవరు?

చార్మినార్‌కూ గోల్కొండ కోటకూ కేంద్ర పురావస్తు శాఖ ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర రాష్ట్ర వారసత్వ శాఖకు తోడుగా ఆగా ఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా పనిచేసింది. మరి మన బడి చుట్టుపక్కల ఉన్న పాత కట్టడాల మాటేమిటి? సికింద్రాబాద్ 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన ఊరు. ఇక్కడి క్లాక్ టవర్ 1897లో మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. మనలో చాలామంది ఇలాంటి చోట్ల మీదుగానే ఏళ్ల తరబడి బడికి నడిచాం. అక్కడ ఏముందో మాత్రం ఎవరూ మనకు చెప్పలేదు.

పేటల్లోని చిన్న చరిత్రను ఎవరు కాపాడుతున్నారు, ఎలా కాపాడుతున్నారు అన్నదే ఈ వ్యాసం. మన సంఘం స్వర్ణోత్సవం జరుపుకుంటున్న ఈ ఏడాది, బడి ఆవరణలోని పాత బ్లాకు గురించి ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంది. కాబట్టి ఇది మనకు కేవలం తెలుసుకోవడానికి పనికొచ్చే విషయం కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1995లో అప్పటి హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. దాని కింద 130కి పైగా కట్టడాలు, 9 శిలా సముదాయాలు వారసత్వ సంపదగా జాబితాకెక్కాయి. అనుమతి లేకుండా వాటిని కూల్చడానికీ మార్చడానికీ వీల్లేకుండా పోయింది. కట్టడాల సరసన రాళ్లు కూడా ఉండటం దేశంలో అరుదైన విషయం. మన దక్కన్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఇళ్ల కోసం, రోడ్ల కోసం గుట్టలు పగిలిపోతుంటే చూడలేక కొందరు నగరవాసులు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం పెట్టుకున్నారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి, హైదరాబాద్ చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి చాలాకాలం అండగా నిలిచారు. ఆ సంఘం పద్ధతి చాలా సాదాగా ఉండేది: ఆసక్తి ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని రాళ్ల దగ్గరికి నడిపించడం, ఫొటోలు తీయడం, అధికారులకు అర్జీలు పెట్టడం. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులా ఉండే బండ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండ ఇవాళ పేర్లతో సహా మనకు తెలుసు. పేరు పెట్టి పిలిచే బండను పగలగొట్టడం అంత తేలిక కాదు.

అయితే జాబితా ఉన్నంత మాత్రాన రక్షణ శాశ్వతం కాదని తర్వాత తేలింది. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ 13వ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితాలోని కట్టడాలకు కొత్త చట్టంలో చోటుందా లేదా అన్న సందిగ్ధం మాత్రం మిగిలింది. 2019లో అదే అసలు పరీక్ష అయింది. కొత్త అసెంబ్లీ భవనం కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు అది. మా ఇంజనీర్లకు బాగా తెలిసిన చోటు కూడా, ఎందుకంటే రోడ్లు భవనాల శాఖ కార్యాలయాలు చాలా ఏళ్లు అక్కడే నడిచాయి. నవాబు వారసులు, నగర పౌరులు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఎర్రమంజిల్ ఇంకా నిలబడి ఉందంటే, కాగితాలు భద్రపరచుకుని, వాయిదాలకు తిరిగిన మనుషులు ఉండబట్టే.

కోర్టు కూల్చివేతను ఆపగలదు. చెత్తను ఎత్తిపోయలేదు. దానికి బన్సీలాల్‌పేట మెట్ల బావి మంచి ఉదాహరణ. ఆ చోటును పూర్వం నాగన్నకుంట అనేవారు. 1933లో సేఠ్ బన్సీలాల్ దాతృత్వంతో అక్కడ ఒక ఆదర్శ బస్తీ వెలిసి, ఆయన పేరే నిలిచింది. బావి అంతకంటే చాలా పాతది. 50 అడుగులకు పైగా లోతు, కిందికి అంచెలంచెలుగా దిగే మెట్లు, చుట్టూ రాతి స్తంభాల వసారాలు. ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక బావి అవసరం తగ్గింది. అవసరం తగ్గిన గొయ్యి ఏ ఊళ్లోనైనా చెత్తకుండీ అవుతుంది. నలభై ఏళ్లకు పైగా ఆ బావి చెత్తతో, కూల్చిన ఇళ్ల మట్టితో పూడిపోయి ఉంది.

2021లో ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నడిపే 'రెయిన్ వాటర్ ప్రాజెక్ట్', జీహెచ్ఎంసీ, రాష్ట్ర పురపాలక శాఖ కలిసి పూడిక తీయడం మొదలుపెట్టాయి. 2022 మార్చిలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ఈ పనిని ప్రస్తావించారు. ఆ డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరిచారు. దాని సామర్థ్యం సుమారు 22 లక్షల లీటర్లు. అడుగునుంచి ఊట తిరిగి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది, పని బావితో ఆగకపోవడం. చుట్టూ ఉన్న చోటును కూడా బాగుచేసి, తవ్వకంలో దొరికిన పాత వస్తువులను పక్కనే ప్రదర్శనకు పెట్టారు. బస్తీవాళ్లు సాయంత్రం వచ్చి కూర్చునే చోటుగా అది మారింది. మనుషులు కూర్చునే చోట చెత్త వేయడానికి జంకుతారు.

వాడుకే రక్షణ అనడానికి మరో రెండు ఉదాహరణలు ఉన్నాయి. 1935లో నగరాభివృద్ధి మండలి కట్టిన మొజంజాహీ మార్కెట్‌ నుంచి పండ్ల మండి ఎప్పుడో గడ్డిఅన్నారానికి తరలిపోయింది. అయినా ఐస్‌క్రీం దుకాణాలూ అత్తరు దుకాణాలూ అక్కడే ఉండిపోయాయి. 2020 ఆగస్టుకు పూర్తయిన మరమ్మతుల్లో అడ్డదిడ్డంగా వెలిసిన రేకులు, బోర్డులు తీసేసి రాతిపనిని బాగుచేశారు. మార్కెట్ మార్కెట్‌గానే మిగిలింది. ఇక కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ 19వ శతాబ్దం మొదట్లో కట్టింది. 1949లో అక్కడికి మహిళా కళాశాల వచ్చింది. వేలమంది ఆడపిల్లలు ఆ మెట్లెక్కి చదువుకున్నారు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. పని నిదానంగా సాగి, బాగుచేసిన భవనం 2023లో తెరుచుకుంది. ఇరవై ఏళ్ల నిరీక్షణ తక్కువేమీ కాదు. కానీ ఆ ఇరవై ఏళ్లూ ఆవరణలో కాలేజీ నడవకపోతే కాపాడటానికి ఏమీ మిగిలేది కాదేమో.

పాత కట్టడాలను వయసు కంటే ఎక్కువగా దెబ్బతీసేది నీరు. దాని తర్వాత సిమెంటు. నీటి విషయం అందరికీ తెలిసిందే: కప్పు మీది వాన గొట్టం పూడుకుంటే నీళ్లు నిలుస్తాయి, గోడలోకి దిగుతాయి. పిట్ట వేసిన రావి గింజ ఆ తేమలో మొలిచి, వేళ్లతో రాయిని విడదీస్తుంది. ఏటా వానలకు ముందు ఒక మనిషిని కప్పెక్కించి గొట్టాలు శుభ్రం చేయించడం, మొక్కను వేలెడుండగానే పీకించడం అన్నిటికంటే చవకైన పరిరక్షణ.

సిమెంటు సంగతి అంతగా ఎవరూ పట్టించుకోరు. పాత గోడలు డంగుసున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. ఆ సున్నం మెత్తగా ఉండి కొద్దిగా కదలికను ఓర్చుకుంటుంది. లోపలి తేమను బయటికి వదులుతుంది. దాని మీద గట్టి సిమెంటు పూత పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపలి లవణాలు గడ్డకట్టి ఇటుక ముఖాన్ని, రాతి ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తాయి. 'ఎంత సిమెంటు పెట్టినా గోడ ఊడిపోతోంది, ఇక పడగొట్టాల్సిందే' అనే మాట మనం తరచూ వింటాం. చాలాసార్లు గోడ ఊడుతున్నది ఆ సిమెంటు వల్లే.

ఇక మన పాత బ్లాకు. స్వర్ణోత్సవ నిధితో దాన్ని పడగొట్టి కొత్త భవనం కట్టాలని కొందరు మిత్రులు కోరుతున్నారు. వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. పిల్లలకు గదులు చాలడం లేదు. కప్పు రెండు చోట్ల కారుతోంది. పిల్లల భద్రత ముందు ఏ జ్ఞాపకమైనా చిన్నదే. పాతదల్లా పూజనీయం కాదు. ప్రైవేటు యజమాని పాత ఇంటిని అమ్ముకుంటే తప్పుపట్టలేని పరిస్థితులూ చూస్తుంటాం, ఎందుకంటే నిలబెట్టే ఖర్చు ఆయనది, గర్వం మాత్రం ఊరందరిదీ.

కానీ పడగొట్టడం వెనక్కి తీసుకోలేని పని. కాబట్టి ఆ తీర్మానానికి ముందు నాలుగు పనులు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటిది, బ్లాకును కొలిచి ప్లాను, ఎలివేషను గీయించడం. ఏ నిర్ణయం తీసుకున్నా ఈ కాగితం మన దగ్గర ఉండాలి. రెండోది, సున్నపు కట్టడాలపై అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పునాది, గోడలు, కప్పు పరీక్ష చేయించి, మరమ్మతు ఖర్చును కొత్త కట్టడం ఖర్చు పక్కన పెట్టి చూడటం. మూడోది, ఈలోగా కప్పు గొట్టాలు శుభ్రం చేయించి, కారుతున్న రెండు గదుల్లో పిల్లలను కూర్చోబెట్టకపోవడం. నాలుగోది, మనలో పెద్దవాళ్లయిన పూర్వ విద్యార్థుల దగ్గరా, చుట్టుపక్కల పాత కుటుంబాల దగ్గరా ఉన్న ఫొటోలు, మార్కుల కాగితాలు, రశీదులు సేకరించి స్కాన్ చేయించడం. ప్రతి ఏడాదీ ఈ కాగితాలు కొన్ని పాత సామాన్ల బండికి పోతున్నాయి.

పరీక్షలో గోడలు పనికిరావని తేలితే కొత్త భవనానికి నేనే ముందు చందా రాస్తాను. పనికొస్తాయని తేలితే మరమ్మతు పర్యవేక్షణ బాధ్యత ఉచితంగా తీసుకుంటాను. కొలతల పనికి ఇద్దరు ముగ్గురు చాలు, రెండు ఆదివారాలు చాలు. వానలు మొదలయ్యేలోపు అది పూర్తిచేద్దాం. రాదలచిన మిత్రులు సంఘం కార్యదర్శికి పేరివ్వండి. టేపు నేను తెస్తాను.