గాలిని ఆపితే బరువు చేతుల మీద పడింది

హ్యాండిల్ బార్ రైజర్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. హ్యాండిల్ కింద పెట్టి దాన్ని ఎత్తే, అంగుళం మందాన ఒక అల్యూమినియం దిమ్మ, దానికి తగ్గ పొడవు బోల్టులు, అంతే. దూరప్రయాణం చేసే స్పోర్ట్ టూరింగ్ బండ్లకి అది ఎందుకు అవసరమైందో తెలియాలంటే మాత్రం గాలి సంగతి తెలియాలి.

1950లు, 60లలో లండన్ ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రాళ్లకి ఒకటే పట్టుదల: బండి గంటకి 100 మైళ్లు అందుకోవాలి. అందుకని ఎత్తుగా ఉన్న హ్యాండిల్ తీసేసి, రేసు బండ్లలో లాగా ఫోర్క్ గొట్టాలకే రెండు పొట్టి కడ్డీలు బిగించుకునేవారు. వాటినే క్లిప్-ఆన్‌లు అంటారు. ట్యాంకు మీదికి వంగి పడుకుంటే గాలి అడ్డు తగ్గుతుంది. వేగం అందుకున్నాక ఎదురుగాలి ఛాతీని పైకి నెడుతుంది కాబట్టి చేతుల మీద బరువు అంతగా తెలియదు. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు మణికట్టు పీకేది నిజమే. కానీ ఒక కేఫ్ నుంచి ఇంకో కేఫ్‌కి పోయే ఆ వయసులో దాన్ని ఎవరు పట్టించుకుంటారు!

చిక్కు జర్మనీలో మొదలైంది. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ వచ్చింది. హాన్స్ మూట్ దాని రూపశిల్పి. ఇటలీలోని పినిన్‌ఫారినా విండ్ టన్నెల్‌లో పరీక్షించి మలిచిన పూర్తి ఫెయిరింగ్‌ను, అంటే గాలిని ఆపే తొడుగును, కంపెనీయే బిగించి అమ్మింది. స్పోర్ట్ టూరింగ్ తరగతికి ఈ బండినే ఆద్యంగా చాలామంది లెక్కిస్తారు. ఆటోబాన్ మీద పొద్దంతా వేగంగా నడిపినా గాలి దెబ్బ లేదు, చలి బాధ తక్కువ. ఫెయిరింగ్ గూట్లో ఇమడాలని హ్యాండిల్‌ను మాత్రం కిందికి, ఇరుకుగా పెట్టారు.

ఇక్కడే లెక్క తిరగబడింది. ఛాతీని మోసే గాలిని ఫెయిరింగ్ ఆపేసింది. ముందుకు వంగిన మొండెం బరువు మణికట్ల మీదికి దిగింది. అల్నార్ నరం అరచేతిలో చిటికెన వేలి వైపుగా పోతుంది. గంటల తరబడి అది నలిగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఇంజిన్ వణుకు దానికి తోడు. హాయిగా ఎక్కువ దూరం పోవడానికి పెట్టిన ఫెయిరింగే ఆ దూరాన్ని చేతులకి శిక్షగా మార్చింది.

కంపెనీ 1978లో ఆర్100ఆర్‌టీ తెచ్చింది. హ్యాండిల్ ఎత్తుగా, ఫెయిరింగ్ పెద్దదిగా, కూర్చోవడం నిటారుగా. కానీ ఆర్‌ఎస్ మోజుపడి కొన్నవాడికి ఆర్‌టీ భారీతనం నచ్చదు. బండి ఇదే కావాలి, హ్యాండిల్ మాత్రం రెండు వేళ్లు పైకి రావాలి. రైజర్ అమ్ముడుపోయేది ఈ కోరిక మీదే.

బార్ ఎత్తడం అప్పటికి కొత్తేమీ కాదు. అమెరికాలో హార్లీ స్ప్రింగర్ ఫోర్కుల మీద 'డాగ్‌బోన్' రైజర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడ అది సోకు, స్పోర్ట్ టూరింగ్ బండ్లకి వైద్యం. 1986లో వచ్చిన కవాసాకీ కాంకర్స్ లాంటి బండ్ల మీద రైజర్ బిగించడం మామూలైపోయింది. కంపెనీలూ మెల్లగా దారికొచ్చాయి. 2006 యమహా ఎఫ్‌జేఆర్1300కి హ్యాండిల్‌ను మూడు స్థానాల్లో సర్దుకునే వీలిచ్చారు. మన రోడ్ల మీద కనిపించే కేటీఎం ఆర్‌సీ 390 స్పోర్ట్ బండే అయినా, 2022 మోడల్‌లో క్లిప్-ఆన్‌లను 10 మిల్లీమీటర్లు పైకీ కిందికీ మార్చుకోవచ్చు.

ఈ దిమ్మ పనితీరులో ఒక చిన్న తమాషా ఉంది. ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, దాని పై క్లాంపు మీద పెట్టిన దిమ్మ కూడా ఆ వాలులోనే లేస్తుంది. వాలు 25 డిగ్రీలైతే 25 మిల్లీమీటర్ల దిమ్మ బార్‌ను సుమారు 23 మిల్లీమీటర్లు పైకి, 11 మిల్లీమీటర్లు వెనక్కి తెస్తుంది. నన్నడిగితే వెనక్కి వచ్చిన ఆ సెంటీమీటరే ఎక్కువ మేలు చేస్తుంది. మోచేయి కాస్త వంగే వీలు దొరికితే బరువును మణికట్టు ఒక్కటే మోయనక్కర్లేదు.

అలాగని ఎంత ఎత్తైతే అంత మంచిదనుకోకండి. ముందు చక్రం మీద బరువు కొంత తగ్గుతుంది, వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. పైగా బ్రేక్ గొట్టం, క్లచ్, ఆక్సిలరేటర్ కేబుళ్లు, స్విచ్‌ల వైర్లు అన్నీ పాత ఎత్తుకి కొలిచినవి. చాలా బండ్లలో అంగుళం లోపైతే వాటి వదులే సరిపోతుంది. అది దాటితే పొడవాటి గొట్టాలు, కొత్త కేబుళ్లు వేయాలి, బ్రేక్‌లో గాలి తీయాలి. దిమ్మకన్నా ఈ పనికే ఖర్చెక్కువ.

మీరు బిగించుకుంటే బోల్టుల్ని కిట్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. స్విచ్ డబ్బాలు ట్యాంకుకో ఫెయిరింగ్‌కో తగలకూడదు, బ్రేక్ గొట్టం బిగుసుకోకూడదు. తిప్పేకొద్దీ ఇంజిన్ రెయిజ్ అవుతుంటే ఆక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టే. దాన్ని సరిచేసేదాకా బండిని రోడ్డెక్కించకండి.