వహమ్‌కు ఇలాజ్

"వహమ్ కా ఇలాజ్ తో లుక్మాన్ హకీమ్ కే పాస్ భీ నహీఁ." మన ఇళ్లల్లో ఈ సామెత వినకుండా పెరిగినవాళ్లు ఉండరు. ఎవరికైనా ఒక షక్ పట్టుకుని ఎంత చెప్పినా వదలకపోతే, పెద్దవాళ్లు చేతులెత్తేసి అనే మాట ఇది. అంతటి లుక్మాన్ వల్లే కాలేదు, మనమెంత అని. సామెత బాగానే ఉంది గానీ, తారీఖ్ తిరగేస్తే మాత్రం నిలబడదు. వహమ్‌కు ఇలాజ్ కాగితం మీద పెట్టిన ఆలిములు పదకొండు వందల ఏళ్ల కిందటే ఉన్నారు. వాళ్ల కితాబులు మన ఇళ్ల దాకా రాలేదు. తావీజులు వచ్చాయి.

సఫర్ చాంద్ కనబడగానే మా నానీ ఇంట్లో పెళ్లిమాటలు ఆగిపోయేవి. మొదటి పదమూడు రోజులు తేరా తేజీ. ప్రయాణం వద్దు, కొత్త పని మొదలుపెట్టొద్దు. రాత్రి పిల్లల తలాపున కోడిగుడ్లు, కాస్త నూనె, చిల్లర పైసలు పెట్టి, పొద్దున్నే ఫకీరుకు సదఖా ఇచ్చేసేది. ఒక్క మా ఇంటి రివాజు కాదిది, దక్కన్‌లో చాలా ఇళ్లలో ఉన్నదే. దీన్ని పుస్తకంలోకి ఎక్కించినవాడు కూడా మన ఆంధ్రావాడే. జాఫర్ షరీఫ్, పుట్టింది ఏలూరులో. మద్రాసు కంపెనీ కొలువులో ఉన్న డాక్టర్ హెర్క్‌లోట్స్ పట్టుబట్టి ఆయనతో రాయించి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. 'ఖానూనె ఇస్లాం' అని పేరు. దక్కన్ ముసల్మానుల ఇంట్లో పుట్టుక నుంచి మయ్యిత్ దాకా ఏ రస్మ్ ఎలా జరుగుతుందో అందులో ఉంది. తేరా తేజీ ఉంది, ఆఖరీ చహార్ షంబా ఉంది. జిన్నాతులను హాజరు చేయడం, షైతాన్‌ను వదిలించడం, తావీజుల్లో గళ్లు గీసి అంకెలు నింపడం, వీటికైతే అధ్యాయాలకు అధ్యాయాలే ఉన్నాయి. జాఫర్ షరీఫ్ వీటిని వెక్కిరించడు, నెత్తికెత్తుకోడు. చూసింది చూసినట్టు చెప్పుకుంటూ పోతాడు. నాకు ఆ కితాబ్ నచ్చడానికి అదే కారణం.

కానీ సఫర్ నహూసత్ గురించి హదీసు ఉంది. బుఖారీలోనే ఉంది. శకునాలు లేవు, సఫర్‌లో అరిష్టం లేదు అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తేల్చి చెప్పారు. ఇస్లాంకు ముందు అరబ్బులు ఆ నెలను మన్‌హూస్ అనుకునేవారు. అక్కడ వద్దన్న వహమ్ ఇక్కడ ఏలూరు దాకా వచ్చి దీన్ పేరుతో కూర్చుంది.

అంతకంటే నన్ను ఎక్కువగా కదిలించేది గ్రహణం వాకియా. హుజూర్ చిన్న కొడుకు ఇబ్రాహీం పాలు తాగే వయసులోనే వఫాత్ అయ్యాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27 అంటారు. మదీనా ప్రజలు పసివాడి మౌత్‌కు సూర్యుడే దుఃఖపడ్డాడు అనుకున్నారు. ఆ మాటను అలా ఉండనిచ్చినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పైగా ఆయన గొప్పతనానికి అదొక నిషానీ అయ్యేది. ఆయన ఉండనివ్వలేదు. సూర్యచంద్రులకు గ్రహణం పట్టేది ఎవరో పుట్టినందుకూ కాదు, పోయినందుకూ కాదని, అవి అల్లాహ్ నిషానీలని చెప్పారు. బిడ్డను ఖబర్‌లో పెట్టిన రోజు ఒక తండ్రి నోటి నుంచి వచ్చిన మాట అది. షక్ చేయడం అంటే దీన్‌కు దుష్మనీ అనుకునేవాళ్లకు నేను ఈ వాకియానే ముందు చెబుతాను.

ఇక అసలు హకీమ్ దగ్గరికి వద్దాం. అబూ జైద్ అల్-బల్ఖీ. ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ దగ్గర షామిస్తియాన్ అనే పల్లెలో సుమారు 850లో పుట్టాడు. తండ్రి పిల్లలకు చదువు చెప్పే ఉస్తాద్. కొడుకు ఇరాక్ వెళ్లి ఫల్సఫా, తిబ్బ్, జుగ్రాఫియా అన్నీ చదివాడు. దేశపటాలు గీసేవాళ్లలో ఒక తరానికి బల్ఖీ పేరే పడిపోయింది. 934లో పోయాడు. ఆయన రాసిన 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్' రెండు భాగాలు. మొదటిది ఒంటి సేహత్ గురించి, రెండోది నఫ్స్ సేహత్ గురించి. ఆ రెండో భాగంలో ఎనిమిది అధ్యాయాలు. చివరి నాలుగూ వరసగా గుస్సా, ఖౌఫ్, గమ్, వస్‌వసా.

ఆయన మొదలుపెట్టే తీరే వేరు. ఒంటి బీమారీలు కొందరికి ఏళ్ల తరబడి రాకపోవచ్చు, నఫ్స్ బీమారీలు మాత్రం అందరికీ, దాదాపు ప్రతిరోజూ ఏదో ఒకటి తగులుతూనే ఉంటాయి అంటాడు. మన దగ్గర 'ఎర్రగడ్డ' అన్న ఒక్క మాటతో మనిషిని పక్కన పెట్టేస్తామే, ఆ గోడ ఆయన కితాబ్‌లో లేదు. బీమార్లు ఒక పక్క, మిగతా మనం ఒక పక్క అనే లెక్కే లేదు.

గమ్‌ను రెండు రకాలుగా విడదీస్తాడు. ఒకటి కారణం తెలిసినది: ఎవరో పోయారు, ఏదో పోగొట్టుకున్నాం. రెండోది కారణం తెలియనిది. మనిషి ఊరికే కుంగిపోతాడు, దేనిమీదా మనసు పోదు. ఈ రెండోదాని జడ్ ఒంట్లోనే ఉంటుందని, ఒంటికి ఇలాజ్ చేయాలని రాశాడు. అప్పటి హకీములు దాన్ని రక్తం లెక్కలో, పిత్తం లెక్కలో చెప్పుకున్నారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. కానీ కారణం లేకుండా ఏడ్చే మనిషిని ఈమాన్ తక్కువైందని తిట్టకుండా హకీమ్ దగ్గరికి పంపడం ఇప్పటికీ చెల్లుతుంది.

ఖౌఫ్ దగ్గర ఒక మిసాల్ ఇస్తాడు. ఎండ దేశం నుంచి వచ్చిన మనిషి మొదటిసారి దూరం నుంచి పొగమంచు చూస్తాడు. అదేదో గోడలాంటి వస్తువనీ, లోపలికి వెళ్తే ఊపిరి ఆడదనీ భయపడతాడు. తీరా అడుగుపెడితే అది తాను రోజూ పీల్చే గాలిలాంటిదే. భయపడేదానికి కొద్దికొద్దిగా దగ్గర కావడమే దవా అని ఆయన సలహా. ఒంటికి దవాలు ముందే కొని అల్మారాలో పెట్టుకుంటాం కదా, అలాగే మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే మంచి ఖయాల్ కూడబెట్టుకో, తుఫాన్ వచ్చినప్పుడు తీసి వాడుకో అంటాడు.

వస్‌వసా అధ్యాయమే ఈ కాలపు డాక్టర్లను ఆపేసింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన రానియా అవాద్, సారా అలీ 2015లో అచ్చయిన వ్యాసంలో, ఈనాటి డాక్టర్లు ఓసీడీ అనే బీమారీకి రాసుకున్న లక్షణాల పక్కన బల్ఖీ మాటలను పెట్టి చూపించారు. వద్దన్నా వచ్చే ఖయాల్, వదలని ఖయాల్, మనిషిని రోజువారీ పనులు చేయనివ్వని ఖయాల్. చాలావరకు సరిపోయాయి. ఆయన ఇలాజ్ ఏమిటంటే: ఒంటరిగా కూర్చోవద్దు, చేతికి పని పెట్టుకో, నువ్వు నమ్మే అఖల్‌మంద్ మనిషితో మాట్లాడు. నిజంగా అంత ప్రమాదమే ఉంటే పక్కవాళ్లందరూ ఎందుకు భయపడటం లేదని నిన్ను నువ్వే అడుగు.

ఈ వస్‌వసా మన ఇళ్లకు కొత్తది కాదు. మా బంధువుల్లో ఒక ఖాలా ఉండేది. వుజూకు కూర్చుంటే ముప్పావు గంట. మోచేయి తడిసిందా లేదా అన్న షక్. మళ్లీ మొదటినుంచి. చలికాలంలో చేతులు పగిలి రక్తం వచ్చేది. చూసినవాళ్లు మాత్రం "ఎంత తఖ్వా!" అనేవారు. ఒక ఆమిల్ అసర్ ఉందని చెప్పి నీళ్లు ఊది ఇచ్చాడు, రుసుం తీసుకున్నాడు. ఆమె ఆ నీళ్లు పాక్‌గా ఉన్నాయా లేవా అని ఇంకో షక్ పెట్టుకుంది.

బగ్దాద్‌లో సరిగ్గా ఇలాంటి మనిషే హంబలీ ఆలిం ఇబ్నె అఖీల్ దగ్గరికి వచ్చాడు. ఇబ్నె అఖీల్ 1119లో పోయాడు. ఆయన తర్వాతి తరంవాడైన ఇబ్నుల్ జౌజీ ఈ ముచ్చటను 'తల్బీసె ఇబ్లీస్'లో రాశాడు. ఎన్నిసార్లు నీళ్లలో మునిగినా గుస్ల్ అయిందా లేదా అని షక్ వస్తోంది, ఏం చేయమంటారు అని ఆ మనిషి అడిగాడు. వెళ్లు, నీకు నమాజ్ మాఫ్ అన్నాడు ఇబ్నె అఖీల్. అదెలా అంటే, మతి లేనివాడికి బాగయ్యేవరకు హిసాబ్ లేదు కదా, నీళ్లలో పదేపదే మునిగి కూడా తడిశానా లేదా అనేవాడు ఆ లెక్కలోకే వస్తాడు అన్నాడు. నవ్వొస్తుంది, కాస్త కటువుగా కూడా ఉంటుంది. కానీ ఆ ఆలిం వస్‌వసాను తఖ్వా ఖాతాలో వేయలేదు, బీమారీ ఖాతాలో వేశాడు. మా ఖాలాకు ఆ మాట చెప్పేవాళ్లు చాలా ఏళ్లు దొరకలేదు. చివరికి మేనల్లుడొకడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మాత్రలు ఇచ్చారు, ప్రతి అవయవం మూడుసార్లు కడిగి లేచిపోవాలని రోజూ సాధన చేయించారు. పూర్తిగా పోలేదు గానీ, ముప్పావు గంట పది నిమిషాలకు దిగింది.

షక్‌లో రెండో రకం కూడా ఉంది, ఇల్మ్‌లో పుట్టేది. ఇమామ్ గజాలీ దాన్ని దాచుకోలేదు. కంటికి కనబడేదాన్ని కూడా నమ్మలేని స్థితి ఒకప్పుడు తనకు రెండు నెలలు ఉందని 'అల్-ముంఖిజ్'లో రాశాడు. తర్వాత 1095లో, బగ్దాద్ నిజామియాలో పెద్ద ఉస్తాద్‌గా ఉండగా, ఒకరోజు నోటి మాటే పడిపోయింది. దర్స్ చెబుదామంటే నాలుక కదలదు, ముద్ద దిగదు. హకీములు చూసి, ఇది దిల్‌లో మొదలై ఒంట్లోకి దిగిన బీమారీ, లోపలి ఫికర్ తీరనిదే మందు పనిచేయదు అన్నారు. ఎవరూ తావీజు కట్టినట్టు ఆయన రాయలేదు. ఆయన కొలువు, పేరు, ఊరు అన్నీ వదిలేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఒక్క దూకుతో న్యూయార్క్. ఆల్బర్ట్ ఎల్లిస్, 1913లో యూదు కుటుంబంలో పుట్టాడు, దేవుణ్ణి నమ్మడు. 1955లో కొత్త రకం ఇలాజ్ మొదలుపెట్టాడు. మనిషిని బాధపెట్టేది జరిగిన సంగతి కాదు, దాని మీద అతను పెట్టుకున్న అఖల్‌కు నిలవని యకీన్ అని ఆయన వాదన. అందరూ నన్ను మెచ్చుకోవాల్సిందే, నేను గెలవాల్సిందే, ఇలా కాకపోతే బతుకే లేదు. ఈ 'ల్సిందే'లను పట్టుకుని ఒక్కొక్కదాన్నీ నిలదీయడమే ఆయన ఇలాజ్. ఇది ఎక్కడిదంటే యూనానీ ఫల్సఫీ ఎపిక్టెటస్ దగ్గరిదని దాచకుండా చెప్పుకున్నాడు.

ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. బల్ఖీకి ఉస్తాద్ అని చెప్పే అల్-కిందీ, గమ్‌ను ఎలా పోగొట్టుకోవాలో ఒక రిసాలా రాశాడు. అందులో ఓడ ఆగినప్పుడు దిగి, పూలూ గవ్వలూ ఏరుకుంటూ ఓడనే మరిచిపోయే ప్రయాణికుల మిసాల్ ఉంది. ఆ మిసాల్ మూలం ఎపిక్టెటస్‌లో ఉంది. అంటే బల్ఖ్ మోమిన్, న్యూయార్క్ నాస్తికుడు ఒకే బావి నీళ్లు తాగారు.

ఎల్లిస్ మొదట్లో మజ్హబ్ మీద కత్తి దూశాడు. 1980లో, మజ్హబీ మనస్తత్వమే చాలావరకు అఖల్‌కు నిలవని ఆలోచన, మానసిక బీమారీతో సమానం అన్నంత దూరం వెళ్లాడు. ఇది నాకు ఒప్పుదల కాదు. ఆ లెక్కన గ్రహణం రోజున ప్రజల వహమ్‌ను ఆపిన మనిషిని ఏ గదిలో కూర్చోబెడతారు? అయితే ఎల్లిస్ కూడా తన మాట దగ్గరే ఆగిపోలేదు. చివరి ఏళ్లలో, మజ్హబ్‌ను గట్టిగా పాటించేవాళ్లకూ తన ఇలాజ్ బాగానే పనిచేస్తుందని ఒప్పుకున్నాడు. 2001లో మజ్హబ్ ఉన్న ఇద్దరు సైకాలజిస్టులతో కలిసి దాని మీద పుస్తకం కూడా వేశాడు. మరీజ్ యకీన్‌ను పీకేయకుండా, అతని దీన్‌లోంచే అతని వహమ్‌కు జవాబు వెతకొచ్చని. ఇబ్నె అఖీల్ చేసింది అదే.

అదే 2001, ఆగస్టు 6 తెల్లవారుజాము. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడి. అక్కడి దర్గా చుట్టూ, మతి చెడినవాళ్లను పెట్టుకునే ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. దర్గాలో దువా చేస్తే, కలలో హుకుం వస్తే బాగవుతారని ఇంటివాళ్లు వదిలి వెళ్లేవారు. అన్ని మజ్హబ్‌ల వాళ్లూ ఉండేవారు. ఆ తెల్లవారుజామున ఒక తాటాకు షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలున్నవాళ్ల కాళ్లకు గొలుసులు. 28 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఆ ఆశ్రమాలు మూతపడ్డాయి. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదని 2017 చట్టంలో, 95వ సెక్షన్‌లో, స్పష్టంగా రాశారు.

జిన్నాత్ ఉన్నాయా లేవా అన్నది ఇక్కడ బహస్ కాదు. ఖుర్ఆన్‌లో ఉన్నాయి, నేను మానతాను. కానీ ఇంట్లో పిల్ల మూడు నెలలుగా నిద్రపోకుండా గోడతో మాట్లాడుతుంటే, అది జిన్నే అని తేల్చింది ఎవరు? రుసుం తీసుకునేవాడే కదా. అల్లాహ్ ఏ బీమారీకైనా దవా పెట్టాడు, ఇలాజ్ చేయించుకోండి అన్న హదీసు ఒంటికి మాత్రమే అని ఎక్కడా లేదు.

గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. అసర్ ఉందని చెప్పి దూరదూరాల నుంచి తీసుకొచ్చేది అక్కడికే. ఏర్వాడి తర్వాత కొన్నేళ్లకు అక్కడ 'దవా, దువా' అని ఒక పని మొదలుపెట్టారు. ముజావర్లకు బీమారీ గుర్తుపట్టడం నేర్పారు. వాళ్లే మరీజ్ తల మీద చేయి పెట్టి దువా చదివి, ఆ పక్కనే ఉన్న డాక్టర్ గదికి పంపుతారు. డాక్టర్ దర్గాకు రావొద్దు అనడు, ముజావర్ మాత్ర మానెయ్ అనడు.