దారి తప్పిన సిర

మనము భుజించిన ఆహారపు సారము రక్తములో కలిసి మొదట కాలేయమునకు చేరును. ఆ రక్తమును కొనిపోవు పెద్ద నాళమును వైద్యులు పోర్టల్ సిర అందురు. ఇంటికి వచ్చిన ధాన్యమును చెరిగి, జల్లించి గాదెకెత్తు గృహిణివలె కాలేయము ఆ రక్తములోని విషములను తొలగించి, పిదప గుండెకు పంపును. కాని, ఎక్కడనో అరుదుగా ఒక శిశువులో ఈ సిర పుట్టుకతోనే దారి తప్పి, కాలేయమును విడిచి, తిన్నగా గుండెకు పోవు మహాసిరలో కలియును. ఈ వైకల్యమును వైద్యులెట్లు తెలిసికొనిరో, కత్తి పట్టకుండ దానినెట్లు అదుపులో నుంచ నేర్చిరో ముచ్చటింతము.

1793లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ అబర్నెతీ పది నెలల ఆడశిశువు మృతదేహమును పరీక్షించిన వృత్తాంతమును రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఆ శిశువు పోర్టల్ సిర కాలేయమును చేరనేలేదు; అయినను పిత్తాశయమున పైత్యరసము కలదు. ధమనీరక్తముతోనే కాలేయము ఆ పని నెరవేర్చినదని ఆయన గ్రహించెను. నేటికిని ఈ వైకల్యమును ఆయన పేరిటనే పిలుచుచున్నారు.

ప్రకృతి ఒకచోట చేసిన దానిని 1877లో రష్యా వైద్యుడు నికొలాయ్ ఎక్ బుద్ధిపూర్వకముగా చేసిచూచెను. ఎనిమిది కుక్కలలో పోర్టల్ సిరను మహాసిరకు కలిపెను. ఒక్కటి మాత్రమే రెండున్నర నెలలు బ్రతికెను. 1893లో పావ్లోవ్, ఆయన సహచరులు ఈ ప్రయోగమును విస్తరించిరి. అట్టి కుక్కలు మాంసము తిన్నపుడు తూలిపోయెను, చూపు తప్పెను, మూర్ఛిల్లెను. కొన్ని తమంత తామే మాంసమును ముట్టక మానివేసెను!

దీని కారణము క్రమముగా తేటపడినది. మాంసకృత్తులనుండి ప్రేగులలో అమోనియా పుట్టును. ఆరోగ్యవంతమైన కాలేయము దానిని యూరియాగా మార్చును. రక్తము కాలేయమును తప్పించుకొనిపోయినచో ఆ అమోనియా మెదడును బాధించును. 1954లో లండన్‌లో షీలా షెర్లాక్, ఆమె సహచరులు రోగులలో ఈ అవస్థను వివరించిరి. 1966లో లాక్టులోజ్ అను తియ్యని పానకము చికిత్సకు వచ్చినది. అది రక్తములో ఇంకక పెద్దప్రేగును చేరి, అచట ఆమ్లత్వమును పెంచి, అమోనియాను బంధించి విరేచనముతో వెడలించును.

ఒకప్పుడు ఇట్టి రోగులకు మాంసకృత్తులను మిక్కిలి తగ్గించెడివారు. దానివలన కండలు క్షీణించినవి. అమోనియాను వదిలించుటలో కండలకును పాలు కలదని తరువాత తెలిసినది. కావున నేడు అంతటి కట్టడి లేదు. పాలు, పప్పుల మాంసకృత్తులు మాంసముకంటె బాగుగ సరిపడునని వైద్యులు భావింతురు.

కాలేయము లోపలనే ఏర్పడిన కొన్ని అడ్డుదారులు శిశువుకు ఒకటి రెండేండ్లు వచ్చులోపల తమంత తామే మూసికొనును. అందుచే వైద్యులు పరీక్షలు చేయుచు వేచిచూతురు. మూసికొననివానిని సన్నని గొట్టముద్వారా గాని, శస్త్రముచే గాని మూయుదురు. ఉపేక్షించినచో ఊపిరితిత్తులకును, మెదడుకును కీడు కలుగవచ్చును. ఎంతకాలము వేచియుండవలెను, ఎప్పుడు చేయి చేసికొనవలెను అను వివేకమునకే ఇన్ని తరముల శ్రమ పట్టినది. ఆ వివేకముపైననే నేడొక పసిబిడ్డ భవిష్యత్తు ఆధారపడియున్నది.